నాలుగో ఇండియానా జోన్స్‌కు మరో అవకాశం ఇవ్వొచ్చా? – మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో పాత ఇంగ్లీషు సాహస చిత్రాల గురించి రాస్తూ, 2008లో వచ్చిన నాలుగో ఇండియానా జోన్స్ సినిమాను జనం తొందరపడి పక్కన పెట్టేశారనీ, వీలైతే మరోసారి చూడమనీ ఒక మాట అన్నాం. బెంగళూరు పాఠకులు ఆ మాటను ఊరికే వదల్లేదు. కొందరు కోప్పడ్డారు, కొందరు అనుమానాలు అడిగారు, 'సరే చూస్తాం, ఎలా చూడాలో చెప్పండి' అని రాసినవాళ్ళూ ఉన్నారు. సినిమా పూర్తి పేరు 'ఇండియానా జోన్స్ అండ్ ద కింగ్‌డమ్ ఆఫ్ ద క్రిస్టల్ స్కల్'. కింద 'నాలుగోది' అన్నచోటల్లా అదే. జవాబుల్లో కథ చివరిదాకా చెప్పక తప్పలేదు. చూడనివాళ్ళు ముందు సినిమా చూసి, తర్వాత ఈ పేజీకి రావడం మంచిది.

మొదటి మూడూ ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. నాలుగోది ఒక్కసారికే చాలనిపించింది. మళ్ళీ చూడ్డానికి అందులో ఏముందని? (ఒక పాఠకుడు, మారతహళ్ళి)

మొదటి ముప్పావుగంట ఉంది. కథ పెరూకి చేరేదాకా నడిచే ఆ భాగం మొదటి మూడు సినిమాల పక్కన ధైర్యంగా నిలబడుతుంది.

హీరో, పురాతత్వవేత్త జోన్స్ ఎంట్రీ గమనించండి. కారు డిక్కీలోంచి ఒక మనిషిని లాగి నేలమీద పడేస్తారు. మనకు ముందు కనబడేది టోపీ. తర్వాత కారు మీద పడ్డ నీడలో అతను ఆ టోపీ తీసి పెట్టుకుంటాడు. మొహం చూపించేది ఆ తర్వాతే. 19 ఏళ్ళ తర్వాత తెరమీదికొచ్చిన హీరోకి ఇంత పొదుపుగా ఎలివేషన్ ఇవ్వడం దర్శకుడు స్పీల్‌బర్గ్‌కే చెల్లింది. వెంటనే గిడ్డంగి సీను. వేలాది పెట్టెల్లో అయస్కాంత శక్తి ఉన్న ఒక్క పెట్టెను వెతకాలి. తూటాల్లోని మందు విప్పించి గాల్లోకి చల్లుతాడు. ఆ పొడి తేలుకుంటూ వరసల మధ్యనుంచి పెట్టె వైపు సాగిపోతుంది. హీరో తెలివైనవాడని ఎవరూ నోటితో చెప్పక్కర్లేకుండా చూపించిన సీను అది. ఆ తర్వాత కొరడా పట్టుకుని ముందు వెళ్తున్న బండి మీదికి ఊగుతాడు. అందుకోలేకపోతాడు. వెనక్కి ఊగి, వెనకొచ్చే లారీ అద్దం పగలగొట్టుకుని లోపల పడతాడు. షూటింగ్ 2007 జూన్‌లో మొదలైనప్పుడు జోన్స్‌గా వేసిన హారిసన్ ఫోర్డ్‌కి 64 ఏళ్ళు. ఆ వయసును దాచకుండా, గురి తప్పడాన్నే సీనుగా మలిచారు.

కథాకాలం 1957. అణుపరీక్ష నుంచి ప్రాణాలతో బయటపడినవాణ్ణి సొంత ప్రభుత్వమే కమ్యూనిస్టులతో సంబంధం ఉందేమోనని కూర్చోబెట్టి ప్రశ్నిస్తుంది. కాలేజీ అతన్ని సెలవు మీద పంపేస్తుంది. అతని పక్షాన నిలబడిన డీన్ ఉద్యోగం వదులుకుంటాడు. ఇంట్లో బల్లమీద రెండు ఫోటోలు కనబడతాయి, ఒకటి తండ్రిది, ఇంకొకటి పాత స్నేహితుడు మార్కస్ బ్రోడీది. బ్రోడీ వేషం వేసిన డెన్‌హమ్ ఎలియట్ 1992లోనే చనిపోయారు. తండ్రిగా వేసిన షాన్ కానరీ అప్పటికే నటన మానేశారు, పిలిచినా రాలేదు. పుర్రె వేట మొదలవక ముందే, కాలం దాటిపోయిన మనిషి ఎలా ఉంటాడో ఈ రెండు మూడు సీన్లు చూపించేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు మనం ఫైట్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ వీటిని దాటేశాం.

కాలేజీ ఆవరణలో మోటార్‌సైకిల్ ఛేజ్‌నూ వదలకండి. న్యూహేవెన్‌లో, యేల్ విశ్వవిద్యాలయం పరిసరాల్లో తీశారు. నడుస్తున్న బైకు మీదినుంచి జోన్స్‌ని కారు కిటికీలోంచి లోపలికి లాగేస్తారు, అతను అవతలి కిటికీలోంచి మళ్ళీ బైకు మీదికి వచ్చేస్తాడు. బండికి, మనిషికి, రోడ్డుకి బరువు ఉన్న ఛేజ్ ఇది.

తెలుగు సినిమాలో హీరో కొడితే సుమోలు గాల్లోకి లేస్తాయి, మనం ఈలలు వేస్తాం. మరి జోన్స్ ఫ్రిజ్‌లో దాక్కుని అణుబాంబు తప్పించుకుంటే ఎందుకంత గోల? (ఒక పాఠకుడు, కె.ఆర్.పురం)

మంచి ప్రశ్న. ఉత్తరాల్లో సగం ఈ సీను చుట్టూనే తిరిగాయి, కాబట్టి వివరంగా చెబుతాం.

ముందు లెక్కలు. సినిమాలో ఆ ఫ్రిజ్‌కి లోపల సీసం పూత ఉందని పలక మీద రాసి ఉంటుంది. ఒక సెంటీమీటరు మందం సీసం గామా కిరణాల తీవ్రతను ఇంచుమించు సగానికి తగ్గిస్తుంది, అంతే. చదరపు మీటరుకు అలాంటి రేకు బరువు 113 కిలోలు. ఫ్రిజ్ అన్ని వైపులా కలిపి 5 చదరపు మీటర్లనుకున్నా 560 కిలోల పైమాటే. అసలు ప్రాణం తీసేది మాత్రం కిరణాలు కాదు, ఆగడం. గంటకు 360 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఒక మీటరు దూరంలో ఆగిపోయిన వస్తువు లోపలి మనిషి మీద గురుత్వాకర్షణకు సుమారు 500 రెట్ల ఒత్తిడి పడుతుంది. 1954 డిసెంబరులో అమెరికా వైమానిక దళానికి చెందిన జాన్ స్టాప్ అనే డాక్టరు న్యూమెక్సికోలో రాకెట్ బండి మీద గంటకు 1,000 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో వెళ్ళి, బ్రేకు పడినప్పుడు 46 రెట్ల ఒత్తిడి తట్టుకుని బతికారు. ఫ్రిజ్ సీనుకు కాస్త ముందు జోన్స్ ఎక్కే రాకెట్ బండి ఆ కాలపు ప్రయోగాల్లాంటిదే. సినిమాలో జోన్స్ చేరే, అణుపరీక్ష కోసం కట్టిన బొమ్మల ఊరు లాంటిది కూడా నిజంగా ఉండేదే. 1955 మే 5న నెవాడాలో జరిగిన 29 కిలోటన్నుల పరీక్షకు ఇళ్ళు కట్టి, సామాను సర్ది, బట్టలేసిన బొమ్మల్ని కూర్చోబెట్టారు. అంటే చుట్టూ ఉన్నదంతా చరిత్ర, ఫ్రిజ్ ఒక్కటే కల్పన.

లాజిక్ లేకపోవడం ఇక్కడ జబ్బు కాదు. రెండో సినిమాలో ముగ్గురు కూలిపోతున్న విమానంలోంచి రబ్బరు పడవలో దూకి, మంచుకొండ మీద జారి, నదిలో పడి బతుకుతారు. అది మాత్రం జరిగే పనా? అయినా ఎవరూ నొచ్చుకోలేదు. ఎందుకంటే పడవలో వాళ్ళ మొహాలు కనబడతాయి. భయం, అరుపు, దెబ్బ అన్నీ మన కళ్ళముందే. ఫ్రిజ్ సీనులో అసలు ఘడియలో హీరో డబ్బాలో ఉన్నాడు. మనం చూసేది ఎగిరిపడే డబ్బాను. తలుపు తెరుచుకుంటుంది, దొర్లి బయటికొస్తాడు, లేచి నిలబడతాడు. కుంటడు, చెయ్యి పట్టుకోడు.

ఈ సిరీస్ నడిచేది హీరో నొప్పి మీద. మొదటి సినిమాలో లారీ కింద ఈడ్చుకుపోయే సీను ఉంది. స్టంట్‌మన్ టెర్రీ లెనర్డ్ కోసం దారి మధ్యలో గాడి తవ్వి తీశారు. అది అయ్యాక ఓడలో జోన్స్ ఎక్కడెక్కడ నొప్పి లేదో వెతికి చూపించుకునే నిదానమైన సీను పెట్టారు. ఆ రెండో సీను ఉండబట్టే మొదటిదాన్ని నమ్మాం. ఫ్రిజ్ తర్వాత అలాంటి సీను లేదు. ఒళ్ళు తోమి కడిగే సీను ఉంది గానీ, అది హాస్యానికి పెట్టింది. మన మాస్ సినిమా హీరో సంగతి వేరు. అతనికి దెబ్బ తగలదన్నది మొదటి రీలులోనే కుదిరిన ఒప్పందం. జోన్స్‌తో మన ఒప్పందం సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఫ్రిజ్ ఆలోచన ఎవరిదన్న వాదన కూడా ఉంది. స్పీల్‌బర్గ్ అది తనదేనన్నారు. ఈ సిరీస్ సృష్టికర్త జార్జ్ లూకాస్ తర్వాత ఆ నింద తనమీద వేసుకున్నారు. స్పీల్‌బర్గ్ నిర్మాతగా ఉన్న ఒక కాలయాత్ర సినిమా తొలి స్క్రిప్టులోనూ ఫ్రిజ్, అణుపరీక్ష కలిసి ఉండేవి. ఆ ఆలోచన అంత పాతది.

ఒక్క హెచ్చరిక. పాతకాలం ఫ్రిజ్‌లకు బయట గొళ్ళెం పడితే లోపలినుంచి తెరవడం వీలయ్యేది కాదు. పిల్లలు లోపల ఇరుక్కుని చనిపోతున్నారనే అమెరికా 1956లో ప్రత్యేకంగా చట్టం చేసింది. పిల్లలతో చూసేవాళ్ళు ఈ సీను దగ్గర ఒక నిమిషం ఆపి ఆ సంగతి చెప్పండి.

ఫ్రిజ్ దగ్గరే సీను ఆపేసుకోకుండా తర్వాతి షాట్ దాకా చూడండి. ఆకాశమంతా లేచిన పుట్టగొడుగు మేఘం, దానిముందు చిన్నగా టోపీ పెట్టుకున్న మనిషి. 1930ల హీరో 1950ల ప్రపంచానికి ఎదురుగా నిలబడ్డాడు. సినిమా మొత్తంలో మాకు ఇంతకన్నా గొప్ప షాట్ కనబడలేదు.

ఇంతకీ ఇది హిట్టా, ఫ్లాపా? (ఒక పాఠకురాలు, బెళ్ళందూరు)

డబ్బు లెక్కలో పెద్ద హిట్. సుమారు 18.5 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి 79 కోట్ల డాలర్ల దాకా వచ్చింది. 2008 వసూళ్ళలో రెండో స్థానం. విమర్శకులు కూడా ఎక్కువమంది పరవాలేదనే రాశారు. అయితే చెత్త సినిమాలను వెక్కిరిస్తూ ఇచ్చే 'ర్యాజీ'ల్లో చెడ్డ సీక్వెల్ పురస్కారం కూడా దీనికే దక్కింది. పేరు పోయింది అభిమానుల దగ్గర, అదీ నెమ్మదిగా.

నిధుల వేట కథలోకి గ్రహాంతరవాసుల్ని తెచ్చి పాడుచేశారు. ఈ ఆలోచన ఎవరిది? (ఒక పాఠకుడు, జయనగర్)

జార్జ్ లూకాస్‌ది. ఆయన తర్కంలో బలం ఉంది. మొదటి మూడు కథలు 1930లలో నడుస్తాయి, కాబట్టి ఆ కాలపు సీరియల్ సినిమాల పద్ధతిలో తీశారు. నాలుగోది 1957 కథ. అమెరికాలో ఆ రోజుల్లో చవక సినిమాలంటే ఎగిరే పళ్ళేలు, అణుధార్మికత, మనసుల్ని చదివే శత్రువులు. కాలం మారింది కాబట్టి సినిమా జాతి కూడా మారాలన్నాడు. పుర్రె వెంటపడే రష్యన్ల నాయకురాలిగా కేట్ బ్లాంచెట్ వేసిన స్పాల్కో పాత్ర జుట్టు కత్తిరింపు నుంచి మాట తీరు దాకా ఆ చవక సినిమాల విలన్ లాగానే ఉంటుంది. 1938 కథ కోసం ఎదురుచూస్తే ఆమె అతిగా కనబడుతుంది, 1957 సినిమా అనుకుంటే ఆమె పక్కాగా కుదురుతుంది.

ఈ ఆలోచన ఒప్పించడానికే ఏళ్ళు పట్టింది. 1990లలో జెబ్ స్టువర్ట్ అంగారక గ్రహవాసులతో ఒక స్క్రిప్టు రాశారు. 2002లో తీద్దామనుకుని, మన పుదుచ్చేరి పరిధిలోని మాహేలో పుట్టిన మనోజ్ నైట్ శ్యామలన్‌ను రాయమన్నారు, అది ముందుకు సాగలేదు. ఆ తర్వాత ఫ్రాంక్ డారాబాంట్ రాసింది స్పీల్‌బర్గ్‌కి నచ్చింది, లూకాస్‌కి నచ్చలేదు. చివరికి తెరకెక్కింది డేవిడ్ కెప్ స్క్రీన్‌ప్లే. ఇంతమంది చేతులు మారిన ఆనవాళ్ళు సెకండాఫ్‌లో కనబడతాయి.

స్ఫటిక పుర్రెల సంగతి తెలుసుకుంటే సినిమా ఇంకాస్త రుచిస్తుంది. అవి నిజంగానే మ్యూజియంలలో ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం 1897లో న్యూయార్క్‌లోని టిఫనీ దుకాణం నుంచి ఒకటి కొన్నది. దాని మీది గీతల్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తే తిరిగే చక్రాలతో కోసినట్టు తేలింది. కొలంబస్‌కు ముందు మెక్సికోలో అలాంటి చక్రాలే లేవు. అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం వాళ్ళ పుర్రె మీద కార్బొరండం దొరికింది. అది కారఖానాలో తయారయ్యే అరగదీత పొడి. ఈ ఫలితాలు అచ్చయింది 2008లోనే, సినిమా విడుదలైన ఏడే. సినిమాలో జోన్స్ పేరెత్తే మిచెల్-హెడ్జెస్ పుర్రె మాయా నాగరికత శిథిలాల్లో దొరికిందని దాని యజమానులు చెప్పుకున్నారు. అది 1943లో లండన్‌లో సదబీస్ వేలానికి వచ్చినట్టు కాగితాలున్నాయి. అంటే నకిలీ పుర్రెల చుట్టూ అల్లుకున్న నిజమైన మోజు ఇది. పురాతత్వవేత్త కథకు ఇంతకంటే మంచి సరుకు దొరకదు.

అడవి ఛేజ్ వీడియో గేమ్‌లా ఉంటుంది. గ్రాఫిక్స్ లేకుండా తీశామని చెప్పారు కదా? (ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ)

తక్కువ వాడతామన్నారు. చివరికి 450 దాకా గ్రాఫిక్స్ షాట్లు తేలాయి. అయితే ఆ ఛేజ్‌లో బండ్లు నిజమైనవే, హవాయి అడవిలో నిజంగానే నడిపారు. తేడా ఎక్కడొచ్చిందంటే, నటుల దగ్గరి షాట్లు చాలావరకు వేరుగా తీసి వెనక చెట్లను కలిపారు. చెట్ల సందుల్లోంచి పడే ఎండ మనిషి మొహం మీద క్షణక్షణం మారాలి. వాళ్ళ మొహాల మీద వెలుగు నిలకడగా ఉంటుంది, వెనక అడవి మాత్రం పరుగెడుతుంది. కన్ను ఆ తేడాను ఇట్టే పట్టేస్తుంది.

రెండో కారణం ఛాయాగ్రహణం. మొదటి మూడింటికి డగ్లస్ స్లోకోంబ్ పనిచేశారు. గట్టి నీడలు, ఎండ అంటే ఎండే. నాలుగోదానికి యానుష్ కమిన్‌స్కీ. పాత సినిమాలు పెట్టుకుని చూసి, ఫిల్మ్ మీదే తీశారు. కానీ వెనకనుంచి వెలుగు కొట్టి తెల్లని భాగాలు మెరిసేలా చేయడం ఆయన అలవాటు. ఆ మెరుపు వల్ల నిజమైన సెట్టు కూడా బొమ్మలా కనబడుతుంది.

మీ టీవీ ఈ జబ్బును రెండింతలు చేస్తుంది. చూసేముందు మూడు పనులు చేయండి. పిక్చర్ మోడ్ 'వివిడ్' లేదా 'డైనమిక్'లో ఉంటే తీసేసి 'ఫిల్మ్‌మేకర్ మోడ్' గానీ 'సినిమా' గానీ పెట్టండి. కదలికను నున్నగా చేసే సదుపాయాన్ని ఆపేయండి. సామ్‌సంగ్‌లో దాన్ని 'పిక్చర్ క్లారిటీ' అంటారు, ఎల్జీలో 'ట్రూమోషన్', సోనీలో 'మోషన్‌ఫ్లో'. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఈ సదుపాయం మధ్యలో లేని ఫ్రేములు పుట్టిస్తుంది, దాంతో అంతా సీరియల్‌లా, గేమ్‌లా తయారవుతుంది. చివరగా, పైనా కిందా నల్ల పట్టీలు వస్తున్నాయని జూమ్ చేయకండి. బొమ్మ వెడల్పు ఎత్తుకు 2.39 రెట్లు. టీవీ నిండేలా లాగితే వెడల్పులో నాలుగో వంతు పోతుంది. రెండు జీపుల మీద నిలబడి కత్తియుద్ధం చేసే చోట ఒక మనిషి తెర బయటికి వెళ్ళిపోతాడు.

వానరాలతో పాటు తీగలు పట్టుకుని ఊగే సీనుకు మాత్రం మా దగ్గర ఏ సమర్థనా లేదు.

భూగోళం తప్పులు చాలా ఉన్నాయట, నిజమేనా? (ఒక టీచరు, మల్లేశ్వరం)

నిజమే. మనుషుల్ని ఈడ్చుకుపోయే సియాఫు చీమలు ఆఫ్రికావి, అమెజాన్‌లో ఉండవు. జలపాతాల సీన్లకు వాడిన ఇగువాసు అర్జెంటీనా, బ్రెజిల్ సరిహద్దులోది. పెరూ కథలోని గుడి కట్టడం మెక్సికో వైపు మాయా పద్ధతిలో ఉంటుంది. పెరూలో నేలమీద గీసిన నాజ్‌కా గీతలు, దగ్గర్లోని చౌచిల్లా శ్మశానం నిజంగా ఉన్నవే. స్పెయిన్ సాహసి ఒరెయానా కూడా నిజమైన మనిషే. 1542లో అమెజాన్ నది పొడవునా ప్రయాణించి, 1546లో మళ్ళీ అక్కడికే వెళ్ళి చనిపోయాడు. పిల్లలకు భూగోళం పాఠం చెప్పడానికి ఈ తప్పుల జాబితా బాగా పనికొస్తుంది.

గ్రాఫిక్స్ కాదు, ఏలియన్లు కాదు అంటున్నారు. మరి అసలు లోపం ఎక్కడుంది? (ఒక పాఠకుడు, హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్)

వస్తువుకు నియమం లేదు, హీరోకి నిర్ణయం లేదు.

మొదటి సినిమాలో మందసం (బైబిల్లోని పవిత్రమైన పెట్టె) తెరిస్తే కళ్ళు మూసుకోవాలి. మూడోదాంట్లో క్రీస్తు తాగిన గిన్నె నేలమీది ముద్ర దాటకూడదు. ఇవి ఒక్క వాక్యంలో చెప్పగల నియమాలు. ఆ నియమం తెలుసు కాబట్టే క్లైమాక్స్‌లో మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. పుర్రె ఏం చేస్తుంది? లోహాన్ని లాగుతుంది, బంగారాన్ని కూడా లాగుతుంది. అది సంచిలో ఉండగా అడవిలో అన్ని కత్తులు, తుపాకులు చుట్టూ తిరుగుతాయి, ఒక్కటీ అటు కదలదు. చీమల్ని తరుముతుంది. కళ్ళలోకి చూసినవాడి మతి పోగొడుతుంది. కథకు ఎప్పుడేది కావాలో అప్పుడది చేస్తుంది.

ఇక నిర్ణయం. మూడో సినిమాలో తండ్రి ప్రాణం కోసం ఏ గిన్నె ఎంచుకోవాలో జోన్స్ తేల్చుకోవాలి, తర్వాత దాన్ని వదిలేయాలి. నాలుగోదాంట్లో పుర్రెను తిరిగి ఇవ్వాలని అది చెప్పింది కాబట్టి తీసుకెళ్ళాడు. గర్భగుడిలాంటి ఆ గదిలోకి వెళ్ళాక అతను చేసేది చూడ్డమే. అడిగేది స్పాల్కో, కాలిపోయేదీ స్పాల్కో. కోరికా ఫలితమూ రెండూ విలన్‌వే అయితే హీరో సాక్షిగా మిగులుతాడు.

దీనికి నొప్పి లేకపోవడం తోడైంది. అయిదుగురు ఒకే బండిలో కూర్చుని మూడు జలపాతాలు దిగుతారు, బట్టలు తడవడం తప్ప ఏమీ కాదు. ఒక్కరికి చెయ్యి విరిగి ఉంటే తర్వాతి ఇరవై నిమిషాల బిగి వేరేలా ఉండేది. జోన్స్ పాత సహచరుడు మ్యాక్ అటూ ఇటూ పదేపదే పార్టీ మారడంతో నాలుగోసారికి ద్రోహానికి విలువ పోయింది. జాన్ హర్ట్ లాంటి నటుణ్ణి సగం సినిమా గొణుగుడుకే పరిమితం చేశారు.

అయినా సెకండాఫ్‌లో లారీ వెనకభాగంలో చేతులు కట్టేసి ఉండగా జోన్స్, మొదటి సినిమా నాయిక మారియన్ పోట్లాడుకునే సీను ఒకటుంది. ఇన్నేళ్ళలో నీ జీవితంలోకి ఎందరో ఆడవాళ్ళు వచ్చుంటారే అంటుందామె. వాళ్ళెవరూ నువ్వు కాదు కదా అన్న అర్థంలో అతను ఒక్క మాట అంటాడు. మారియన్‌గా వేసిన కరెన్ అలెన్ మొహంలో వచ్చే మార్పు కోసం ఆ సీను రెండుసార్లు చూడొచ్చు.

మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలం కలిసి వేసుకుందామనుకుంటున్నాం. ప్రొజెక్టర్ ఉంది. ఏర్పాట్లు ఎలా? ఇంటర్వెల్ ఎక్కడ ఇవ్వాలి? (ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్)

ముందు అనుమతి సంగతి. డిస్క్ గానీ ఓటీటీ చందా గానీ ఇంట్లో చూసుకోవడానికి ఇచ్చినవి. అసోసియేషన్ హాల్లో నోటీసు పెట్టి, అందర్నీ పిలిచి వేస్తే అది బహిరంగ ప్రదర్శన, దానికి హక్కుదారుల అనుమతి తీసుకోవాలి. టికెట్టు లేకపోయినా అంతే. మీ హాల్లో, మీ స్నేహితుల మధ్య అయితే చిక్కు లేదు.

100 అంగుళాల తెరకు వెడల్పు 221 సెంటీమీటర్లు, ఎత్తు 125. ఈ సినిమా బొమ్మ అందులో 92 సెంటీమీటర్ల ఎత్తే ఆక్రమిస్తుంది. అందుకని తెరను మామూలుకన్నా ఒక జానెడు పైకి కట్టండి, లేకపోతే వెనకవాళ్ళకు ముందువాళ్ళ తలలే కనబడతాయి. త్రో నిష్పత్తి (తెర వెడల్పుకు దూరం ఎన్ని రెట్లో చెప్పే లెక్క) 1.2 నుంచి 1.5 ఉండే మామూలు ప్రొజెక్టర్ అయితే తెరకు 2.65 నుంచి 3.3 మీటర్ల దూరంలో పెట్టాలి. పక్కకు పెట్టి, బొమ్మ వంకరను కీస్టోన్ సదుపాయంతో సరిచేయడం కన్నా నేరుగా ఎదురుగా పెట్టడం మేలు. కీస్టోన్ ఎక్కువైతే బొమ్మ పదును పోతుంది. గిడ్డంగి, సమాధి సీన్లు చీకటివి, కాబట్టి సాయంత్రం 7కు ముందు మొదలుపెట్టకండి. కరెంటు పోయే అవకాశం ఉంటే ప్రొజెక్టర్‌ను యూపీఎస్ మీద పెట్టండి. దీపం ఉన్న పాత రకం ప్రొజెక్టర్ ఫ్యాన్ ఆగకుండా చల్లబడాలి, ఒక్కసారిగా ఆరిపోతే దీపం ఆయుష్షు తగ్గుతుంది. 4కె డిస్కులు 2021లో వచ్చాయి, దొరికితే అవే వాడండి.

సినిమా 122 నిమిషాలు. ఇంగ్లీషు సినిమాలకు ఇంటర్వెల్ రాసుకోరు, మనమే చోటు వెతుక్కోవాలి. గంట దగ్గర, ఒరెయానా సమాధిలో పుర్రె దొరికి బయటికి రాగానే రష్యన్లు చుట్టుముడతారు. అక్కడ ఆపండి, మన సినిమాల ఇంటర్వెల్ బ్యాంగ్‌లా సరిగ్గా కుదురుతుంది. అడవి ఛేజ్ మధ్యలో మాత్రం ఆపొద్దు.

మా బాబుకి తొమ్మిదేళ్ళు. ఏ వరసలో చూపించాలి? (ఒక తల్లి, యలహంక)

మొదటిది, మూడోది, నాలుగోది. రెండోదాన్ని పన్నెండేళ్ళు దాటాక చూపించండి. గుండె పెకిలించే సీను అందులోనే ఉంది. దాని తర్వాతే అమెరికాలో 1984లో పదమూడేళ్ళ లోపు పిల్లల విషయంలో హెచ్చరించే కొత్త రేటింగ్ తెచ్చారు. పైగా మన దేశాన్ని చూపించిన తీరు గురించి పిల్లవాడితో మాట్లాడాల్సి వస్తుంది. స్క్రిప్టు మార్చమని మన ప్రభుత్వం అడగడంతో దాన్ని శ్రీలంకలో తీశారు. అందులో ఊరివాళ్ళు మాట్లాడేది సింహళం, విందులో వడ్డించే పాములూ కోతి మెదడూ పూర్తిగా కల్పన. అమ్రీష్ పురి నటన మాత్రం ఏ వయసులో చూసినా ఒళ్ళు జలదరించేదే. నాలుగోదాంట్లో చీమలు ఒక సైనికుణ్ణి పుట్టలోకి లాక్కెళ్ళే చోట, మొదటిదాంట్లో చివర మొహాలు కరిగే చోట పక్కన కూర్చోండి.

2023లో వచ్చిన అయిదోది చూశాక నాలుగోదే నయమనిపించింది. మీరేమంటారు? (ఒక పాఠకుడు, బన్నేరుఘట్ట రోడ్)

'డయల్ ఆఫ్ డెస్టినీ' విడుదలకు ఫోర్డ్‌కి 80 ఏళ్ళు, దర్శకుడు జేమ్స్ మ్యాన్‌గోల్డ్. అందులో హీరో బాధ నాలుగోదానికన్నా లోతైనది, చివర్లో అతను తీసుకోవాలనుకున్న నిర్ణయం కూడా నిజమైనదే. ఆ విషయంలో అయిదోదే ముందుంది. కానీ కెమెరాను ఎక్కడ పెట్టాలి, ఒక షాట్‌లో మూడు సంగతులు ఎలా చెప్పాలి అన్న విద్యలో నాలుగోది చాలా పైన ఉంది. గిడ్డంగి సీనునూ, అయిదోదాంట్లో టాంజియర్ వీధుల్లో ఆటో ఛేజ్‌నూ ఒకే రోజు పక్కపక్కన పెట్టి చూడండి. గిడ్డంగి సీనులో ఎవరు ఎక్కడున్నారో, ఎటు వెళ్తున్నారో ప్రతి క్షణం తెలుస్తుంది. ఆటో ఛేజ్‌లో అయిదు నిమిషాల్లోనే దారి తప్పుతాం.